సహజవాయు తవ్వకాలు, భూగర్భజల కాలుష్యం: బాధ్యతను నిర్ణయించే విధానం

సహజవాయువు కోసం డ్రిల్లింగ్ జరిగే గ్రామాలలో బావి నీరు చెడిపోయినపుడు రెండు ప్రశ్నలు తలెత్తుతాయి. నీరు చెడిపోయిందా అన్నది మొదటిది. ఎవరివలన చెడిపోయింది అన్నది రెండవది. మొదటి ప్రశ్నకు ప్రయోగశాల సులభంగానే సమాధానం చెప్పగలదు. నష్టపరిహారం మాత్రం రెండవ ప్రశ్నకు లభించే సమాధానంపైనే ఆధారపడుతుంది. ఆ సమాధానాన్ని ఎవరు నిరూపించాలి, ఏ ఆధారంతో నిరూపించాలి అనే అంశాలే ఇంధన కంపెనీల జవాబుదారీతనానికి మూలం. అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్ర అనుభవం ఈ విషయాన్ని స్పష్టంగా వివరిస్తుంది. కృష్ణా–గోదావరి బేసిన్‌లో చమురు, సహజవాయువుల వెలికితీత సాగుతున్నందున ఈ అనుభవం తెలుగు ప్రాంత విస్తరణ శాస్త్రవేత్తలకు కూడా ఉపయుక్తమైనది.

కాలుష్యం జరిగే మార్గాలు

గ్యాస్ బావి మంచినీటి పొరలను దాటుకొని లోతైన శిలాపొరలకు చేరుతుంది. నీటి పొరలను వేరుచేసి ఉంచడానికి బావిలో ఉక్కు కేసింగ్ పైపులను దించి, పైపుకు, శిలకు మధ్యగల ఖాళీని సిమెంటుతో నింపుతారు. ఈ సిమెంటు సరిగా అతుక్కోకపోయినా, పగుళ్లు వచ్చినా, ఆ సందు వెంట మీథేన్ వాయువు పైకి వచ్చి మంచినీటి పొరలో చేరుతుంది. మీథేన్ నీటిలో కరిగి ఉన్నంతవరకు విషపదార్థం కాదు. కాని మూసి ఉన్న గదిలోనో, బావి కప్పు కిందనో గాలిలో 5 నుండి 15 శాతం వరకు చేరితే నిప్పురవ్వ తగిలి పేలుతుంది. నీటి పొరలో ఆక్సిజన్ తగ్గిపోయి ఇనుము, మాంగనీసు వంటివి శిలల నుండి కరిగి వచ్చే అవకాశం కూడా ఉన్నది.

రెండవ మార్గం నేలపై నుండి ఏర్పడుతుంది. షేల్ శిలను చీల్చడానికి వాడే రసాయన ద్రావణం, వాయువుతోపాటు పైకి వచ్చే ఉప్పునీరు ట్యాంకుల నుండి, గుంటల నుండి, పైపుల నుండి కారి కాలువలలో, నేలలో కలుస్తాయి. మార్సెలస్ షేల్ నుండి వచ్చే ఉప్పునీటిలో కరిగిన లవణాలు సముద్రపు నీటికంటె అనేక రెట్లు అధికంగా ఉంటాయి. వాటితోపాటు బేరియం, స్ట్రాన్షియం, రేడియం కూడా ఉంటాయి. ఇట్టి నీరు పొలంలో చేరితే సోడియం వలన బంకమట్టి రేణువులు విడిపోయి నేల గట్టిపడుతుంది, నీరు ఇంకదు. మొక్కల వేర్లు నీటిని గ్రహించలేవు. కాబట్టి ఇది తాగునీటి సమస్య మాత్రమే కాదు, సాగు సమస్య కూడా.

డిమాక్ గ్రామ అనుభవం

పెన్సిల్వేనియాలోని సస్క్వెహానా కౌంటీకి చెందిన డిమాక్‌లో కాబట్ ఆయిల్ అండ్ గ్యాస్ అనే కంపెనీ మార్సెలస్ షేల్ బావులను తవ్వింది. 2009 జనవరి 1న ఒక ఇంటి నీటిబావిలో చేరిన వాయువు పేలింది. అదే ఏడాది సెప్టెంబరులో డ్రిల్లింగ్ ద్రావణం నేలపై ఒలికిపోయింది. రాష్ట్ర పర్యావరణ పరిరక్షణ శాఖ విచారణ జరిపి, నీటిబావులలోకి వాయువు చేరడానికి కంపెనీ బావులే కారణమని నిర్ధారించి, 2009 నవంబరులో సమ్మతి ఉత్తర్వు వెలువరించింది. 2010లో ఆ ప్రాంతంలోని 9 చదరపు మైళ్ల పరిధిలో కొత్త డ్రిల్లింగును నిలిపివేసింది. అదే ఏడాది డిసెంబరులో 19 కుటుంబాలకు మొత్తం 41 లక్షల డాలర్లు చెల్లించే ఒప్పందం కుదిరింది. దీనితో, అంతకుముందు ప్రకటించిన నీటి పైపులైను ప్రతిపాదనను రాష్ట్రం విరమించుకున్నది.

కంపెనీ వాదన వేరు. ఆ ప్రాంతపు నీటిలో మీథేన్ మొదటినుండీ సహజంగానే ఉన్నదని అది చెప్పింది. ఈ వాదన పూర్తిగా నిరాధారమైనది కాదు. అక్కడి నీటిబావులలో సహజ మీథేన్ ఉండడం వాస్తవమే. డ్రిల్లింగుకు పూర్వం తీసిన నమూనాలు చాలా బావులకు లేకపోవడంతో, ఏ బావిలో ఎంత మీథేన్ పాతది, ఎంత కొత్తది అన్న వివాదం ఏళ్లతరబడి సాగింది. 2011లో డ్యూక్ విశ్వవిద్యాలయ శాస్త్రవేత్తలు 68 నీటిబావులను పరీక్షించగా, గ్యాస్ బావులకు దగ్గరగా ఉన్న వాటిలో లీటరుకు సగటున 19.2 మిల్లీగ్రాముల మీథేన్, దూరంగా ఉన్న వాటిలో 1.1 మిల్లీగ్రాములు కనిపించింది. కార్బన్ ఐసోటోపుల నిష్పత్తిని బట్టి, దగ్గరి బావులలోని వాయువు లోతైన పొరలలో వేడివలన ఏర్పడినదని వారు గుర్తించారు. పైపొరలలో సూక్ష్మజీవులవలన ఏర్పడే మీథేన్‌కు ఈ నిష్పత్తి భిన్నంగా ఉంటుంది. అయినా డ్రిల్లింగుకు పూర్వపు పరీక్ష లేని లోటును ఐసోటోపులు పూర్తిగా తీర్చలేవు.

ఈ లోటు ప్రభావం న్యాయస్థానంలో కనిపించింది. 2016లో జ్యూరీ రెండు కుటుంబాలకు 42.4 లక్షల డాలర్ల పరిహారం నిర్ణయించగా, 2017లో న్యాయమూర్తి ఆ తీర్పును రద్దుచేసి పునర్విచారణకు ఆదేశించారు. చివరకు 2020లో రాష్ట్ర అటార్నీ జనరల్ కంపెనీపై క్రిమినల్ అభియోగాలు మోపారు. విలీనం తరువాత కోటెరా ఎనర్జీగా మారిన ఆ కంపెనీ 2022 నవంబరులో ఒక అభియోగంపై తాను పోటీచేయబోనని కోర్టుకు తెలియజేసింది. కొత్త నీటి పైపులైనుకు, 75 సంవత్సరాలపాటు బాధితుల నీటి బిల్లులకు మొత్తం 1.629 కోట్ల డాలర్లు చెల్లించడానికి అంగీకరించింది. 2010లో విరమించిన పైపులైను పన్నెండేళ్ల తరువాత మరల ముందుకు వచ్చింది. ఈ మధ్యకాలమంతా నీటి భారాన్ని మోసినవారు ఆ కుటుంబాలవారే.

నిరూపణ భారం ఎవరిది?

సాధారణ న్యాయసూత్రం ప్రకారం ఫిర్యాదు చేసినవారే కారణాన్ని నిరూపించాలి. భూమికి ఒకటి రెండు కిలోమీటర్ల లోతున జరిగిన పనిని రైతు నిరూపించడం దాదాపు అసాధ్యం. సిమెంటు రికార్డులు, పీడన వివరాలు అన్నీ కంపెనీ వద్దనే ఉంటాయి. ఈ అసమానతను పెన్సిల్వేనియా చట్టం కొంతవరకు సరిదిద్దింది. 1984 చట్టం ప్రకారం గ్యాస్ బావికి 1,000 అడుగుల లోపల ఉన్న నీటివనరు, డ్రిల్లింగ్ పూర్తయిన ఆరు నెలలలోగా కలుషితమైతే, భిన్నంగా రుజువయ్యే వరకు కంపెనీయే కారణమని భావిస్తారు. 2012 నాటి 13వ చట్టం షేల్ బావుల విషయంలో ఈ పరిధిని 2,500 అడుగులకు, గడువును 12 నెలలకు పెంచింది.

ఈ నిబంధనలోని అసలు బలం దాని మినహాయింపులలో ఉన్నది. కాలుష్యం ముందే ఉన్నదని డ్రిల్లింగుకు పూర్వపు పరీక్ష ద్వారా చూపితే కంపెనీకి బాధ్యత తప్పుతుంది. పరీక్షకు భూయజమాని అనుమతి నిరాకరించినా కంపెనీకి రక్షణ లభిస్తుంది. కాబట్టి తన రక్షణ కోసమే కంపెనీ చుట్టుపక్కల బావులను ముందుగా స్వతంత్ర ప్రయోగశాలలో పరీక్షింపజేస్తుంది. ఖర్చు కంపెనీది, ఆధారం ఇరువురిదీ. అయితే నిర్ణీత దూరం లేదా గడువు దాటితే నిరూపణ భారం తిరిగి రైతుపైనే పడుతుంది. నెమ్మదిగా కదిలే భూగర్భజలానికి 12 నెలలు చాలా తక్కువ కాలం. అంతేగాక, 2005 నాటి అమెరికా ఇంధన విధాన చట్టం, డీజిల్ వాడిన సందర్భంలో తప్ప, హైడ్రాలిక్ ఫ్రాక్చరింగును సురక్షిత తాగునీటి చట్టపు భూగర్భ ఇంజెక్షన్ నియంత్రణ నుండి మినహాయించింది. అందువలన బాధ్యత అధికభాగం రాష్ట్రాలపై పడింది.

భారతదేశంలో స్థితి

భారత న్యాయవ్యవస్థ ఒక విషయంలో మరింత ముందున్నది. ఓలియం వాయువు కేసులో సుప్రీంకోర్టు, ప్రమాదకర పరిశ్రమలకు మినహాయింపులు లేని సంపూర్ణ బాధ్యతను నిర్దేశించింది. రాజస్థాన్‌లోని బిచ్రి గ్రామంలో రసాయన వ్యర్థాలవలన బావులు, పొలాలు పాడైన కేసులో 1996లో, కలుషితం చేసినవారే మూల్యం చెల్లించాలనే సూత్రాన్ని అమలుచేసింది. 2010 నాటి జాతీయ హరిత ట్రిబ్యునల్ చట్టంలోని 17వ సెక్షన్ ప్రమాదాల విషయంలో నిర్లక్ష్యం నిరూపించనవసరం లేని బాధ్యతను, 20వ సెక్షన్ పై సూత్రాన్ని పొందుపరచాయి.

అయితే ఇక్కడ ఒక భేదాన్ని గమనించాలి. నిర్లక్ష్యాన్ని నిరూపించనవసరం లేదన్నంత మాత్రాన కారణాన్ని నిరూపించనవసరం లేదని అర్థం కాదు. కాలుష్యం ఆ కంపెనీ పనివలననే జరిగిందని చూపవలసిన అవసరం మిగిలే ఉంటుంది. గోదావరి డెల్టాలో ఇది మరింత క్లిష్టమైనది. అక్కడి బోరు నీరు ఉప్పబారడానికి సముద్రజలాల చొరబాటు, చేపల, రొయ్యల చెరువులు, అధిక తోడివేత కూడా కారణాలు కావచ్చు. 1995 జనవరిలో పాశర్లపూడి వద్ద జరిగిన బ్లోఅవుట్ వంటి ప్రమాదాన్ని అందరూ చూడగలరు. నెమ్మదిగా జరిగే లీకును ఎవరూ చూడలేరు.

విస్తరణ శాస్త్రవేత్తల పాత్ర

ఈ పరిస్థితిలో పూర్వపు నమూనాయే రైతుకు ప్రధాన ఆధారం. డ్రిల్లింగ్ ప్రతిపాదన తెలిసిన వెంటనే పరిసర బావుల నుండి కనీసం వర్షాకాలానికి ముందు, తరువాత నమూనాలు సేకరించాలి. ఉదజని సూచిక, విద్యుద్వాహకత, క్లోరైడు, బ్రోమైడు, సోడియం అధిశోషణ నిష్పత్తి, బోరాన్, బేరియం, స్ట్రాన్షియం, బెంజీన్, కరిగిన మీథేన్ విలువలను నమోదుచేయాలి. క్లోరైడు, బ్రోమైడుల నిష్పత్తి ఉప్పదనం ఏ మూలం నుండి వచ్చిందో వేరుచేయడానికి తోడ్పడుతుంది. మీథేన్ నమూనాను గాలి తగలకుండా ప్రత్యేక సీసాలలో తీయాలి. లేనిచో వాయువు తప్పించుకుపోయి ఫలితం తక్కువగా వస్తుంది. నమూనా తీసిన స్థలం, తేదీ, లోతు, అది చేతులు మారిన వివరాలు లిఖితపూర్వకంగా ఉండాలి. ఇవి లేని ఫలితం శాస్త్రీయంగా సరైనదైనా న్యాయస్థానంలో నిలవదు. హరిత ట్రిబ్యునల్‌లో పరిహార దరఖాస్తుకు సాధారణంగా అయిదేళ్ల గడువు ఉన్నందున, నమూనాలను ఏటా తీస్తూ మార్పును సకాలంలో గుర్తించడం అవసరం.

డిమాక్ కుటుంబాలకు చట్టమూ ఉన్నది, విజ్ఞానమూ తరువాత తోడయింది. కొరవడినది తవ్వకానికి ముందు తీయవలసిన ఒక సీసా నీరు. ఆ సీసా విలువ డ్రిల్లింగ్ యంత్రం గ్రామానికి చేరకముందే గ్రహించగల స్థితిలో ఉన్నవారు విస్తరణ శాస్త్రవేత్తలే.