దోహాలో సర్వర్లు, దుబాయిలో నకలు: షేర్‌పాయింట్ ఫార్మ్‌కు ప్లాను వేసే ముందు

షేర్‌పాయింట్ పేరు వినని వాళ్ళు మన పాఠకుల్లో తక్కువే. ఆఫీసులో అందరి ఫైళ్ళూ, సెలవు దరఖాస్తులూ, టెండరు కాగితాలూ, ఆమోదాల వర్క్‌ఫ్లోలూ ఒక్కచోట పెట్టుకుని కలిసి పనిచేసుకోవడానికి మైక్రోసాఫ్ట్ ఇచ్చిన వేదిక అది. దోహాలో మదీనత్ ఖలీఫా లాంటి పేటల్లో విల్లా పార్టిషన్లో ఉంటూ, పొద్దున్నే వెస్ట్ బే టవర్లకు వెళ్ళి ఈ సర్వర్లకు కాపలా కాసే మనవాళ్ళు ఉన్నారు. ఏదో ఒక గురువారం సాయంత్రం మేనేజరు పిలిచి, "కొత్త ఫార్మ్ కట్టాలి, డిజాస్టర్ రికవరీ కూడా ఉండాలి, ప్లాను ఆదివారానికల్లా కావాలి" అంటాడు. ఈ వ్యాసం ఆ శుక్ర, శనివారాల కోసం.

చాలా ప్లానులు "ఎన్ని సర్వర్లు?" అన్న ప్రశ్నతో మొదలవుతాయి. నిజానికి ముందు అడగాల్సినవి వేరే రెండున్నాయి. సిస్టమ్ పడిపోతే ఎంత సేపట్లో లేవాలి? లేచాక ఎంత సేపటి పని పోయినా ఓర్చుకోగలం? మొదటిదాన్ని ఆర్‌టీఓ అనీ, రెండోదాన్ని ఆర్‌పీఓ అనీ అంటారు. వీటికి జవాబు ఐటీ వాళ్ళు చెప్పకూడదు, టెండర్లు చూసే విభాగమో, అకౌంట్స్ వాళ్ళో చెప్పాలి. అడిగితే అందరూ "సున్నా" అంటారనుకోండి. సున్నాకు ఎంత ఖర్చవుతుందో కాగితం మీద చూపిస్తే "నాలుగు గంటలైనా పరవాలేదు" అంటారు. బేరం అక్కడ మొదలవుతుంది.

ఇక ఆర్కిటెక్చర్. మన పెళ్ళిభోజనాన్ని గుర్తు తెచ్చుకోండి. పంక్తిలో వడ్డించేవాళ్ళు ఫ్రంట్ ఎండ్ సర్వర్లు. వెనక గాడిపొయ్యి దగ్గర వంటవాళ్ళు అప్లికేషన్ సర్వర్లు, సెర్చ్ సర్వర్లు. సామాన్ల కొట్టు ఎస్‌క్యూఎల్ సర్వర్. జనం పెరిగితే వడ్డించేవాళ్ళను ఇద్దరి నుంచి నలుగురికి పెంచడం తేలిక. కానీ కొట్టు గదికి ఒకటే తలుపు ఉంటే ఎంతమంది వడ్డించినా ప్రయోజనం లేదు. షేర్‌పాయింట్ నెమ్మదిగా ఉందంటే మేనేజర్లు ఫ్రంట్ ఎండ్ పెంచమంటారు గానీ, నేను ముందు చూడమనేది ఎస్‌క్యూఎల్ డిస్కులనే.

షేర్‌పాయింట్ 2016లో మిన్‌రోల్ అనే పద్ధతి వచ్చింది. ఒక్కో సర్వర్‌కు ఒక్కో పాత్ర. ప్రతి పాత్రకూ ఇద్దరేసి ఉండాలంటే ఎస్‌క్యూఎల్ కాక ఎనిమిది సర్వర్లు కావాల్సి వచ్చేది. అదే ఏడాది నవంబరులో వచ్చిన ఫీచర్ ప్యాక్ 1 పాత్రలను కలుపుకోనిచ్చింది. దాంతో నాలుగు సరిపోయాయి. 2016, 2019 వెర్షన్లకు మైక్రోసాఫ్ట్ మద్దతు గడువు 2026 జులై 14. కాబట్టి ఇప్పుడు సొంత సర్వర్ల మీద కొత్తగా కట్టేవాళ్ళు 2021లో వచ్చిన సబ్‌స్క్రిప్షన్ ఎడిషన్ వైపే చూడాలి.

స్కేలబిలిటీ దగ్గర ఒక సంగతి విడమరిచి చెప్పాలి. "ఒక లిస్టులో 5,000 ఐటమ్స్ దాటితే ఎందుకు మొరాయిస్తుంది?" అని ప్రతి డెవలపరూ విసుక్కుంటాడు. ఒక కంటెంట్ డేటాబేస్‌లోని లిస్టులన్నీ, మీ సెలవుల లిస్టూ పక్క విభాగం టెండర్ల లిస్టూ, లోపల ఒకే పెద్ద పట్టికలో ఉంటాయి. ఒక క్వెరీ సుమారు 5,000 వరుసలకు తాళాలు వేయబోతే ఎస్‌క్యూఎల్ సర్వర్ ఇన్ని చిన్న తాళాలు ఎందుకని పట్టిక మొత్తానికే ఒక తాళం వేసే అవకాశం ఉంది. అప్పుడు పక్క విభాగం కూడా ఆగిపోతుంది. పార్టిషన్ చేసిన విల్లాలో నాలుగు కాపురాలకు ఒకే కరెంటు మీటరు ఉన్నట్టు: ఒకరు చేసిన పనికి అందరిళ్ళలోనూ ఏసీలు ఆగుతాయి. 5,000 పరిమితి పక్కింటివాడి కోసం పెట్టిన కట్టుబాటు. దాన్ని పెంచమని అడ్మిన్ మీద ఒత్తిడి తెచ్చే బదులు, కాలమ్‌లకు ఇండెక్స్ పెట్టుకోవడం మేలు.

ఇలాంటిదే ఇంకో అంకె, 200 గిగాబైట్లు. సాధారణ వాడకానికి ఒక కంటెంట్ డేటాబేస్ అంతకు మించకుండా చూసుకోమని మైక్రోసాఫ్ట్ సలహా. ఒక సైట్ కలెక్షన్ రెండు డేటాబేసుల్లోకి విస్తరించలేదు గనక, ఏ విభాగం ఎంత పెరుగుతుందో మొదట్లోనే ఊహించి విడివిడిగా కట్టాలి. ఈ పరిమితికి ఇంకో కారణం డిజాస్టర్ రికవరీయే. లెక్క వేసి చూడండి: 2 టెరాబైట్ల బ్యాకప్‌ను 100 మెగాబిట్ల లైను మీద రెండో సైటుకు తేవాలంటే, లైనంతా మీదే అనుకున్నా, సుమారు 44 గంటలు. "నాలుగు గంటలు" అని సంతకం పెట్టిన ఆర్‌టీఓ అక్కడే పోయింది. అందుకే బ్యాకప్ ఒక్కటే డిజాస్టర్ రికవరీ కాదు. రెండో సైటులో ఇంకో ఫార్మ్ సిద్ధంగా ఉండి, కంటెంట్ డేటాబేసులు ఆల్వేస్ ఆన్ పద్ధతిలో కొద్ది క్షణాల ఆలస్యంతో అక్కడికి చేరుతూ ఉండాలి. కాన్ఫిగరేషన్ డేటాబేస్‌ను ఇలా పంపడం కుదరదు. సర్వర్ల పేర్లతో సహా అది ఆ ఫార్మ్‌కే సొంతం. కాబట్టి రెండో ఫార్మ్‌లో సెట్టింగులూ, కస్టమ్ సొల్యూషన్లూ, ప్యాచ్‌లూ చేత్తోనో స్క్రిప్టుతోనో మొదటిదానితో సమానంగా ఉంచుతూ పోవాలి. మొదటిదానికి ప్యాచ్ వేసి రెండోదాన్ని వదిలేస్తే, కొత్త డేటాబేసులను పాత ఫార్మ్ తీసుకోదు.

ఒకే ఫార్మ్‌ను రెండు డేటా సెంటర్ల మీద పరిస్తే సరిపోదా అని అడగవచ్చు. ఒప్పుకుంటారు గానీ, సర్వర్ల మధ్య ఒక వైపు ప్రయాణం 1 మిల్లీసెకండు లోపు ఉండాలి, లైను 1 గిగాబిట్ ఉండాలి. దోహా ఊళ్ళో కుదురుతుందేమో గానీ, దుబాయికి కుదరదు.

అసలు ఆ రెండో సైటు ఎక్కడ? ఒకప్పుడైతే "దుబాయిలో పెడదాం" అన్నది తేలిక జవాబు. గల్ఫ్‌లో జరిగినవి గుర్తు చేసుకుంటే అంత తేలిక కాదని తెలుస్తుంది.

2008 జనవరి 30న ఈజిప్టులోని అలెగ్జాండ్రియా దగ్గర సముద్రంలో రెండు కేబుళ్ళు తెగాయి. ఫిబ్రవరి 1న దుబాయి దగ్గర ఫాల్కన్ కేబుల్ తెగింది. అదే వారంలో ఖతర్, యూఏఈల మధ్య కేబుల్ కూడా కరెంటు సమస్యతో ఆగింది. రెండు సైట్ల మధ్య రెండు లైన్లు తీసుకున్నాం అంటే చాలదు, అవి రెండూ ఒకే సముద్రపు దారిన వెళుతున్నాయా అని ప్రొవైడర్‌ను అడిగి రాతపూర్వకంగా తీసుకోవాలి.

2012 ఆగస్టు 15న సౌదీ అరామ్‌కోలో షమూన్ వైరస్ సుమారు 30,000 కంప్యూటర్లను తుడిచేసింది. అది రంజాన్ మాసం, సిబ్బందిలో చాలామంది సెలవులో ఉన్నారు. అదే నెలాఖరులో ఖతర్‌లో రాస్‌గ్యాస్‌పై వైరస్ పడి ఈమెయిలూ, వెబ్‌సైటూ ఆగాయి. గ్యాస్ ఉత్పత్తి మాత్రం ఆగలేదు. ఇలాంటి దాడిలో రెప్లికేషన్ కాపాడదు సరికదా, చెడిపోయిన డేటాను అంతే శ్రద్ధగా రెండో సైటుకూ చేరవేస్తుంది. నెట్‌వర్క్‌కు తగలకుండా విడిగా ఉంచిన బ్యాకప్ ఒక్కటే అక్కడ అక్కరకొస్తుంది. 2017 జూన్‌లో నాట్‌పెట్యా మార్‌స్క్ షిప్పింగ్ కంపెనీని ముంచినప్పుడు వాళ్ళ డొమైన్ కంట్రోలర్లన్నీ తుడిచిపెట్టుకుపోయాయి, ఘనాలో ఉన్న ఒక్కటి తప్ప. ఆ సమయానికి అక్కడ కరెంటు పోయి అది నెట్‌వర్క్‌లో లేదు! డొమైన్ కంట్రోలర్ లేకపోతే షేర్‌పాయింట్‌లో ఎవరూ లాగిన్ కాలేరన్నది మర్చిపోకండి. రెండో సైటులో దానికీ చోటుండాలి.

అదే 2017 జూన్ 5న సౌదీ, యూఏఈ, బహ్రెయిన్, ఈజిప్టు ఖతర్‌తో సంబంధాలు తెంచుకున్నాయి. దోహా నుంచి దుబాయికి గంట పైచిలుకు విమానం ఆగిపోయి మస్కట్ మీదుగానో, కువైట్ మీదుగానో తిరగాల్సి వచ్చింది. 2021 జనవరి దాకా అదే పరిస్థితి. దుబాయి సైటులో కేబుల్ బాగానే ఉంది, కరెంటు ఉంది, సర్వర్లు నడుస్తున్నాయి, కానీ డిస్కు మార్చడానికి మనిషిని పంపాలంటే? కాంట్రాక్టు ఏ దేశపు చట్టం కింద ఉంది? ఇవి ఏ విజియో బొమ్మలోనూ కనపడని ప్రశ్నలు.

క్లౌడ్‌లో పెడితే తీరిపోతుందనుకోకండి. 2022లో మైక్రోసాఫ్ట్ అజ్యూర్ ఖతర్‌లో ప్రాంతం తెరిచింది, 2023లో గూగుల్ దోహాలో తెరిచింది. 2016 నాటి వ్యక్తిగత సమాచార చట్టాన్ని చూసి భయపడే మేనేజర్లకు ఇది ఊరట. అయితే అజ్యూర్‌లోని ఖతర్ సెంట్రల్‌లో మూడు అవైలబిలిటీ జోన్లు ఉన్నాయి గానీ, దానికి నిర్ణయించిన జత ప్రాంతం లేదు. దేశం దాటిన నకలు కావాలంటే ఆ చోటును మీరే ఎంచుకోవాలి, అంటే 2017 నాటి ప్రశ్న మళ్ళీ మీ బల్ల మీదకే వచ్చింది. షేర్‌పాయింట్ ఆన్‌లైన్ వాడినా, తీసేసిన ఫైలు రీసైకిల్ బిన్‌లో 93 రోజులే ఉంటుంది.

చివరిగా మనుషుల సంగతి. దోహాలో వారాంతం శుక్ర, శనివారాలు, హైదరాబాదు టీముకు శని, ఆదివారాలు. ఇద్దరూ పనిలో ఉండే రోజులు సోమవారం నుంచి గురువారం దాకా నాలుగే. శుక్రవారం హైదరాబాదు వాళ్ళు ప్యాచ్ వేస్తే దోహాలో ఫోనెత్తేది ఎవరు? పేర్లూ నంబర్లూ రాసుకోండి. రాసి షేర్‌పాయింట్‌లో పెట్టకండి, బీరువా తాళంచెవి బీరువాలోనే పెట్టి తాళం వేసినట్టవుతుంది. ఆ కాగితం ప్రింటు తీసి, ఒకటి ఆఫీసులో, ఒకటి ఇంట్లో ఉంచుకోండి. ఏడాదికి రెండుసార్లయినా శుక్రవారం పొద్దున నిజంగా రెండో ఫార్మ్‌కు మారి చూడండి. మొదటిసారి దొరికేవి సాధారణంగా చిన్నవే: గడువు తీరిన సర్టిఫికెట్, మారిన సర్వీస్ అకౌంట్ పాస్‌వర్డు, డీఎన్ఎస్‌లో 24 గంటలుగా వదిలేసిన టీటీఎల్.