వంగగల స్తంభం

సాక్చీ నుంచి స్వర్ణరేఖా నది వంతెన దాటితే మాంగో వస్తుంది. ఉక్కు కర్మాగారంలో పనికోసం శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతాల నుంచి తరలివచ్చి జంషెడ్‌పూర్‌లో స్థిరపడిన తెలుగువారికి ఈ పేరు సుపరిచితం. ఇల్లు కడుతున్న ఏ సందులో నిలిచినా ఒక దృశ్యం కంటబడుతుంది. నెత్తిమీద చుట్టకుదురు, దానిమీద చెక్కపలక, పలకమీద పది ఇటుకలు పేర్చుకొని, ఏటవాలు బల్లల మీదుగా పై అంతస్తుకు నడిచిపోయే కూలిస్త్రీ. ఆమెను ఈ ప్రాంతంలో రేజా అంటారు. ఇటుక మూడు కిలోల చొప్పున చూసుకున్నా ఆమె శిరస్సుపై ముప్పై కిలోల భారం ఉన్నది. మెడ చెదరదు. నడుము మాత్రం అడుగడుగునా లయగా కదులుతూనే ఉంటుంది.

ఆ భారాన్ని నిలిపేదీ, ఆ నడుమును వంగనిచ్చేదీ ఒకే అవయవం కావడం ఇందులోని వింత. స్తంభం కట్టేవాడు అది కదలకూడదని కోరుకుంటాడు. గొలుసు అల్లేవాడు అది నిటారుగా నిలవాలని ఆశించడు. వెన్నెముక ఈ రెండు విరుద్ధ ధర్మాలనూ నిర్వహిస్తూ, తన నడుమ ఉన్న సొరంగంలో మరొక సుకుమార పదార్థాన్ని కాపాడుతూ ఉంటుంది.

ఇటుకల బరువు ఏ దారిన దిగుతుందో చూద్దాం. కపాలం మొట్టమొదటి పూసమీద ఆనుతుంది. ఉంగరంలా ఉండే ఈ పూసకు, ఆకాశాన్ని భుజాన మోసిన గ్రీకు పురాణపురుషుడు అట్లాస్ పేరు పెట్టారు. తలను కిందికీ పైకీ ఊపడం కపాలానికీ ఈ పూసకూ నడుమ జరిగే పని. రెండవ పూసకు మేకువంటి ఒక కొన ఉంటుంది. అట్లాస్ దానిచుట్టూ తిరుగుతుంది. మెడ పక్కలకు తిరగడంలో దాదాపు సగం వాటా ఈ ఒక్క కీలుదే. ‘అవును’ అనడానికి మొదటిదీ, ‘కాదు’ అనడానికి రెండవదీ చాలు. అవునో కాదో ఎదుటివానికి అంతుపట్టకుండా తల ఆడించే మన విద్యకు మాత్రం రెండూ కావాలి.

బాల్యంలో పూసలు ముప్పై మూడు: మెడలో 7, వీపులో 12, నడుములో 5, కటిభాగంలో 5, తోకఎముకలో సాధారణంగా 4. చివరి రెండు భాగాల పూసలూ పెద్దయ్యేసరికి కలిసిపోయి రెండే ఎముకలవుతాయి గనుక పెద్దవారిలో లెక్క 26కు దిగుతుంది. అంత పొడవు మెడగల జిరాఫీకి కూడా మెడపూసలు ఏడే.

మాంగోలోని డిమ్నా రోడ్డులో 1961లో స్థాపితమైన మహాత్మాగాంధీ స్మారక వైద్య కళాశాల ఉన్నది. అక్కడనే కాదు, ఏ వైద్య కళాశాలలోనైనా మొదటి సంవత్సరం విద్యార్థి చేతికి ఒక విడిపూసను ఇచ్చి అది ఎక్కడిదని అడుగుతారు. పక్కకొమ్ముల్లో రంధ్రాలుంటే మెడది. ఆ రంధ్రాలగుండా మెదడుకు నెత్తురు కొనిపోయే ధమనులు సాగుతాయి. పక్కటెముకలు ఆనే నునుపైన గుర్తులుంటే వీపుది. ఈ రెండూ లేక, దేహం మాత్రం స్థూలంగా ఉంటే నడుముది. మోసే బరువు కిందికి పోయినకొద్దీ పెరుగుతుంది కనుక పూస కూడా పెరుగుతూ వచ్చింది.

పూసకూ పూసకూ మధ్య మెత్తని బిళ్ళ ఉంటుంది. దీనినే డిస్కు అంటున్నాం. ఇవి మొత్తం 23. వీటి అంచు గట్టి నారల వలయం, నడిమి భాగం నీరు నిండిన గుజ్జు. పెద్దవారిలో ఈ బిళ్ళలోపలికి రక్తనాళాలు పోవు. ఒత్తిడి పడినప్పుడు నీటిని వదలి, విశ్రాంతిలో తిరిగి పీల్చుకొని, ఆ రాకపోకలతోనే పోషణ పొందుతాయి. అందుకే ఉదయం లేచినప్పటికంటే సాయంకాలానికి మనిషి ఒక సెంటీమీటరో, ఇంకాస్తో పొట్టి అవుతాడు. రాత్రి నిద్రలో పోయినదంతా తిరిగి వస్తుంది.

ఈ బిళ్ళల్లో ఒత్తిడి ఎంతో తెలుసుకోవడానికి స్వీడన్ వైద్యుడు ఆల్ఫ్ నాఖెమ్‌సన్ 1960ల్లో సజీవుల నడుము బిళ్ళలోకి సూది దింపి కొలిచాడు. నిలుచున్నప్పటి ఒత్తిడి 100 అనుకుంటే, వెల్లకిలా పడుకున్నప్పుడు 25, కూర్చుని ముందుకు వంగినప్పుడు 185 అని తేలింది. నిటారుగా కూర్చోవడం విషయంలో 1999లో జర్మనీలో తీసిన కొలతలు కొంత విభేదించాయి. వంగడం విషయంలో మాత్రం రెండూ ఒకే మాట చెప్పాయి. కారణం తక్కెడ న్యాయమే. వెన్ను కండరాలు బిళ్ళకు అయిదారు సెంటీమీటర్ల వెనుక లాగుతాయి. చేతుల్లోని బరువు ముప్పై సెంటీమీటర్ల ముందు వేలాడుతుంది. కనుక కండరాలు బరువుకు అయిదారు రెట్లు లాగవలసి వస్తుంది. రేజా తన ఇటుకలను సరిగ్గా వెన్నెముకకు పైన ఉంచుకొని ఈ చిక్కును తప్పించుకుంటుంది. అయితే మెడపూసలు అంత బరువు కోసం ఏర్పడినవి కావు. ఏళ్ళతరబడి తలమోత మోసినవారిలో అవి త్వరగా అరుగుతాయి.

సొరంగంలోని సుకుమార పదార్థం వెన్నుపాము. ఇంగ్లీషువారు దీనిని తాడు అన్నారు, మనవారు పాము అన్నారు. అనువాదకుడిగా నాకు మన మాటే నచ్చుతుంది. తాడులో ప్రాణం లేదు కదా. దాదాపు 45 సెంటీమీటర్ల పొడవుతో, చిటికెన వేలంత లావున ఉండే ఈ పాము నుంచి 31 జతల నాడులు బయలుదేరుతాయి. ఇది నడుములోని మొదటి, రెండవ పూసల దగ్గరే ముగుస్తుంది. వెన్నునుంచి నీరు తీసే వైద్యుడు సూదిని అంతకంటె దిగువన గుచ్చడానికి ఇదే కారణం.

ఈ వంగే గుణమే నశిస్తే మనిషి ఏమవుతాడో తెలుసుకోవడానికి తెలుగువారు దూరం పోనక్కరలేదు. 1930ల్లో నెల్లూరు జిల్లా రైతులు తమ ఎద్దులు కీళ్ళు బిగిసి అరక లాగలేకపోవడం ముందుగా గమనించారని చెబుతారు. మనుషుల్లోనూ అదే బిగింపు కనిపించింది. 1937లో హెచ్. ఇ. షార్ట్, ఆయన సహచరులు ఈ వ్యాధికి కారణం తాగునీటిలోని ఫ్లోరైడ్ అని ప్రకటించారు. మలేరియా క్రిమి కాలేయంలో దాగే దశను 1948లో గార్న్‌హామ్‌తో కలిసి కనిపెట్టినవాడు కూడా ఈ షార్టే. అంతకు అయిదేళ్ళ ముందు, 1932లో, కోపెన్‌హాగెన్‌లో క్రయొలైట్ ధూళి పీల్చిన కార్మికుల ఎముకల్లో ఇటువంటి మార్పులనే కనిపెట్టారు. అక్కడ కర్మాగారం చేసిన పనిని ఇక్కడ ఊరిబావి చేసింది. 1955లో ఎ. హెచ్. సిద్దిఖీ నల్లగొండ జిల్లా రోగుల వివరాలను బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వెల్లడించారు.

నల్లరాతి నేలల్లోని ఖనిజాల నుంచి ఫ్లోరైడ్ నీటిలో కరుగుతుంది. శరీరంలో చేరి ఎముకల్లో పేరుకుంటుంది. ఎముక చిక్కనై, మందమై, ఎక్స్‌రేలో సున్నపుముక్కలా తెల్లగా కనిపిస్తుంది. బలిసిందని సంతోషించే వీలు లేదు. పూసలను కలిపే నారలు సైతం ఎముకగా మారి, ఇరవైనాలుగు పూసల గొలుసు ఒకే కర్రగా బిగిసిపోతుంది. పక్కవాడు పిలిస్తే మెడ తిప్పలేక మనిషి మొత్తంగా తిరగవలసిందే. ముదిరినకొద్దీ సొరంగం ఇరుకై వెన్నుపాము నలుగుతుంది. కాళ్ళలో తిమ్మిరి, ఆపై బలహీనత, కొందరికి చివరకు మంచమే గతి. ఇందుకు పది ఇరవై ఏళ్ళు పట్టవచ్చు, గనుక నడుము నొప్పి అనుకొని సగం జీవితం గడిచిపోతుంది.

వైద్యులు గ్రామాల్లో దీన్ని గుర్తించడానికి మూడు చిన్న పరీక్షలు చేస్తారు. మోకాళ్ళు వంచకుండా నేలమీది నాణెం తీయమంటారు. గడ్డాన్ని రొమ్ముకు ఆనించమంటారు. రెండు చేతులూ తలవెనుక చేర్చమంటారు. బడిపిల్లవాడు ఆటగా చేసే ఈ మూడింటిలో ఒక్కటైనా చేయలేని పెద్దలు ఫ్లోరోసిస్ గ్రామాల్లో ఎందరో.

నాగపూర్‌లోని నీరీ సంస్థ శాస్త్రజ్ఞులు 1970ల్లో పటిక, సున్నం, బ్లీచింగ్ పొడి కలిపి నీటిని తేర్చే పద్ధతిని రూపొందించి దానికి నల్లగొండ పేరే పెట్టారు. ప్రపంచమంతటా పుస్తకాల్లో ఆ జిల్లా పేరు ఆ విధంగా నిలిచింది. గ్రామాల్లో ప్రతిదినం పాళ్ళు కలిపే శ్రద్ధ, మిగిలిన మడ్డిని పారబోసే చోటు కరవై పద్ధతి అంతగా నిలవలేదు. 2016లో ఆరంభమైన మిషన్ భగీరథ పథకం నదీజలాలను గొట్టాల ద్వారా ఇళ్ళకు తెచ్చింది. మంచినీరు కొత్త నష్టాన్ని ఆపుతుంది. బిగిసిన వెన్నును మునుపటిలా వంచలేదు.

మాంగో ఉన్న ఝార్ఖండ్ రాష్ట్రంలోనే పలామూ, గఢ్వా జిల్లాలకు ఈ బాధ తెలుసు. బోరు తవ్వించినవారు ఎక్కడైనా సీసాడు నీటిని ప్రభుత్వ ప్రయోగశాలకు పంపి పరీక్ష చేయించుకోవచ్చు. భారతీయ ప్రమాణం ప్రకారం లీటరుకు 1 మిల్లీగ్రాముకు మించకూడదు; వేరే ఆధారం లేనప్పుడు 1.5 వరకు అనుమతిస్తారు. ఫ్లోరైడ్‌కు రంగు లేదు, వాసన లేదు, ఈ మోతాదుల్లో రుచి కూడా తెలియదు. కాచి తాగుతున్నామని ధైర్యపడరాదు. నీరు ఇగిరినకొద్దీ అది ఇంకా చిక్కబడుతుంది.