క్రీడోత్సవపు మిగులు సొమ్ము
మహాక్రీడోత్సవ మొకటి నగరమునకు రానున్నదనగానే పాలకులు చెప్పు మాటలలో మొట్టమొదటిది, దానిని చూచి పేదవాడల పిల్లలెల్లరును ఆటలకు దిగుదురని. ఈ సంగతి పరిశీలించిన శాస్త్రజ్ఞులకు మాత్రము వేరొకటి గోచరించినది: అట్టి ఉత్సవము ఇదివరకే ఆడుచున్నవానిచేత మరికొంత ఆడింపవచ్చును, మానివేసినవానిని తిరిగి మైదానమునకు రప్పింపవచ్చును, కాని ఎన్నడును బంతి పట్టని పిల్లవానిని కదలించుట దానివలన అరుదు. ఉత్సాహము కొన్నాళ్లకు చల్లారును. బూట్లకును, బస్సుచార్జీకిని, క్లబ్బు రుసుమునకును తల్లిదండ్రులు వెచ్చింపవలసిన సొమ్ము ఎప్పటియంతే యుండును.

2012లో ఒలింపిక్సు జరుపుచు ఒక తరమునే ఉత్తేజపరతుమని చాటిన బ్రిటను, అంతకు రెండేండ్ల ముందే, 2010 అక్టోబరులో, ఇంగ్లండు పాఠశాలల క్రీడాసహకార పథకపు 16 కోట్ల 20 లక్షల పౌనుల నిధిని రద్దుచేయ బూనినది. నిరసన చెలరేగిన పిమ్మట కొంత మాత్రమే తిరిగి ఇచ్చినది.

1984 నాటి లాస్ ఏంజలిస్ కథ వేరు. 1976లో ఒలింపిక్సు నడిపిన మాంట్రియల్ నగరమునకు దానివలన కలిగిన అప్పు తీర్చుటకు 2006 వరకు పట్టినది. ఆ అప్పుల బెడద చూచి తక్కిన నగరములు వెనుదీయగా, లాస్ ఏంజలిస్ తన షరతులు తాను పెట్టగలిగినది. పీటర్ యూబరాత్ నాయకత్వమున నిర్వాహకులు, 1932 ఒలింపిక్సు జరిగిన కొలీజియమునే మరల వాడుకొని, ఈతకొలనునకు మెక్‌డొనాల్డ్స్ చేతను, సైకిలుపందెపు బాటకు సెవెన్-ఇలెవెన్ చేతను ఖర్చు పెట్టించి, తుదకు దాదాపు 23 కోట్ల డాలర్లు మిగిల్చిరి. అందులో నూటికి 40 పాళ్లు దక్షిణ కాలిఫోర్నియా బాలబాలికల క్రీడలకు దక్కెను.

ఆ సొమ్ముతో ఏర్పడి, నేడు ఎల్ఏ84 ఫౌండేషన్ అను పేర వ్యవహరింపబడు సంస్థ, దానిని ఒక్కమారుగా వెదజల్లక పెట్టుబడిగా నిలిపి, ఏటేట స్థానిక క్రీడాసంఘములకు సాయము చేయుటయే గాక, శిక్షకులకు శిక్షణయు నిచ్చుచున్నది. నా దృష్టిలో ఈ రెండవ పనియే ముఖ్యము. పేదవాడలో శిక్షకుడనగా తరచు, పగలెల్ల పనిచేసి సాయంకాలము మైదానమునకు వచ్చు ఏ తండ్రియో, అన్నయో; ఎనిమిదేండ్ల పిల్ల బంతిని జారవిడిచినప్పుడు గద్దింపవలెనో, మెల్లగా మరొకమారు విసరవలెనో అతనికి ఎవరును నేర్పి యుండరు; ఆ పిల్ల మరునాడు వచ్చుటయు, రాకపోవుటయు అక్కడనే తేలిపోవును.

2028లో ఒలింపిక్సు మరల ఆ నగరమునకే రానున్నవి. ఈమారు మిగులుకై వేచియుండక, 16 కోట్ల డాలర్ల వరకు ముందుగానే బాలల క్రీడలకు ఇచ్చుటకు ఒప్పందము జరిగినది (ఇది బేరమున సాధించినదే గాని, ఉత్సవము తనంతట కురిపించినది కాదు). ఆ సొమ్ముతో నగర ఉద్యానవనముల శాఖ నడుపు ప్లేఎల్ఏ పథకమున పిల్లలు స్వల్ప రుసుముతో ఆటలు నేర్చుచున్నారు. ఈ నిధి తరిగిన పిమ్మట ఆ శాఖ తన బడ్జెట్టునుండియే శిక్షకులకు జీతము లిచ్చునో లేదో, 2028 తరువాతి పద్దులలో చూడవలసి యున్నది.