ఆరుగురికి ఒక సూటా, రెండు గదులా?

సెలవులకు పిల్లల్ని రామోజీ ఫిల్మ్‌సిటీకి తీసుకెళ్దామనుకున్నప్పుడు మనం టికెట్ ధర ముందే కనుక్కుంటాం. గది సంగతి మాత్రం అక్కడికెళ్లాక చూసుకోవచ్చులే అని వదిలేస్తాం. ఖర్చు చెయ్యి దాటేది అక్కడే.

ముందు దారి లెక్క. ఫిల్మ్‌సిటీ హైదరాబాద్ నడిబొడ్డున లేదు, విజయవాడ హైవే మీద నగరానికి ముందే తగులుతుంది. పిడుగురాళ్ల, దాచేపల్లి, వాడపల్లి, మిర్యాలగూడ మీదుగా నార్కట్‌పల్లిలో హైవే ఎక్కితే నరసరావుపేట నుంచి బయల్దేరేవాళ్లకు రెండొందల కిలోమీటర్ల పైచిలుకు. నాలుగు గంటలకు తక్కువ కాదు. గేట్లు ఉదయం 9కి తెరుస్తారు. ఆ వేళకు అందుకోవాలంటే పిల్లల్ని తెల్లవారుజామున 4 గంటలకే లేపాలి. నిద్ర చాలని పిల్లలు మధ్యాహ్నానికే వాడిపోతారు. ముందురోజు సాయంత్రానికి చేరి, ఒక రాత్రి పడుకుని, మర్నాడంతా చూసి ఇంటిదారి పట్టడం మేలు.

అలాంటప్పుడు గదిలో ఉండేది రాత్రి 7 నుంచి ఉదయం 8 దాకా, 13 గంటలు. అందులో ఎక్కువ భాగం నిద్రే. కాబట్టి డబ్బు పెట్టాల్సింది మంచాలకూ, బాత్‌రూములకూ. సోఫాలున్న హాలుకు కాదు.

ఇప్పుడు పన్ను. 2025 సెప్టెంబర్ 22 నుంచి గది అద్దె రోజుకు 7,500 రూపాయల లోపుంటే జీఎస్టీ 5 శాతం, దాటితే 18 శాతం. ఈ గీత మనిషికి కాదు, గదికి. అమ్మానాన్నా, ఇద్దరు పిల్లలూ, నాయనమ్మా తాతయ్యా కలిసి ఆరుగురు వెళ్తున్నారనుకోండి. లెక్క కోసం ఫ్యామిలీ సూట్ 8,500, మామూలు డబుల్ రూమ్ 4,000 అనుకుందాం. సూట్‌కు పన్నుతో 10,030 అవుతుంది. రెండు డబుల్ రూములకు 8,400. తలకు 1,672 ఎక్కడ, 1,400 ఎక్కడ! పైగా నాయనమ్మ తొమ్మిదింటికే లైటు ఆర్పుకోవచ్చు.

బాత్‌రూము లెక్క ఇంకా ముఖ్యం, దీన్నే ఎవరూ వెయ్యరు. మనిషికి 20 నిమిషాలైనా ఆరుగురికి రెండు గంటలు. రెండు బాత్‌రూములుంటే గంట. టిఫిన్ తిని 9కి గేటు దగ్గరుండాలంటే ఆ గంటే తేడా. సూట్ తీసుకున్నా అందులో బాత్‌రూములు ఎన్నో అడగండి.

నలుగురే అయితే ఒక గది చాలు, మంచం కొలిచి చూసుకుంటే. కింగ్ సైజు మంచం వెడల్పు ఆరడుగులు, అంటే 72 అంగుళాలు. నలుగురూ సర్దుకుంటే మనిషికి 18 అంగుళాలు. ఐదేళ్ల లోపు పిల్లలైతే సరే. పదేళ్లు దాటిన పిల్లాడుంటే ఎక్స్‌ట్రా బెడ్ తీసుకోండి. అది 1,200 అనుకున్నా పన్నుతో మొత్తం 5,460, రెండు గదుల కంటే 2,940 తక్కువ. అయితే ఎక్స్‌ట్రా బెడ్ అంటే కొన్నిచోట్ల నేలమీద పరుపే. తాతయ్య మోకాళ్లకు అది పనికిరాదు. కనెక్టింగ్ రూములంటే మధ్యలో తలుపుందో లేదో కూడా అడగాలి, పక్కపక్క గదులనే అలా చెప్పేస్తుంటారు.

ఫిల్మ్‌సిటీ లోపల సితార, తార లాంటి హోటళ్లున్నాయి. అక్కడి ప్యాకేజీల్లో సందర్శన టికెట్ కూడా కలిపి ఉంటుంది. ఆ టికెట్ సొమ్ము తీసేస్తే మిగిలేదే అసలు అద్దె. బయటి హోటల్‌తో పోల్చాల్సింది దాన్నే. బయట ఉంటే పొద్దున ప్రయాణం, పార్కింగ్ అదనం. పెద్దవాళ్లు వెంట ఉంటే నా ఓటు లోపలికే. రెండు మూడు కుటుంబాలు కలిసి పదిహేనుమంది వెళ్తే డార్మిటరీ అడగడంలో నామోషీ ఏమీ లేదు.

మాచర్ల నుంచి బయల్దేరేవాళ్ల సంగతి వేరు. సాగర్ రోడ్డున వెళ్లేవారికి 2016లో రావిర్యాలలో తెరిచిన వండర్‌లా వినోద పార్కు దగ్గర. అక్కడ పిల్లల టికెట్‌కు వయసు కాదు, ఎత్తు కొలుస్తారు. నీళ్లలో ఆటలాడాక సాయంత్రానికి తడిబట్టల మూట తయారవుతుంది. ఆ రాత్రి ఆగేవాళ్లు బట్టలారేసుకునే బాల్కనీ ఉన్న గది అడగాలి. 24 గంటల చెక్ ఔట్ ఇచ్చే లాడ్జి అయితే, సాయంత్రం 7కి దిగినవాళ్లు మర్నాడు హడావుడి లేకుండా మధ్యాహ్న భోజనం చేసి బయల్దేరవచ్చు.