పరీక్షల భయానికి పాట సాయం

పదో తరగతి పరీక్షలు దగ్గర పడగానే మన హాస్టల్లో చాలామందికి నిద్ర పట్టదు. చదివిందంతా మరచిపోతామేమో, తప్పితే ఇంట్లో అమ్మానాన్నల ముఖం ఎలా చూడాలి అన్న ఆలోచనలే. గుండె దడదడలాడుతుంది. అరచేతులకు చెమట పడుతుంది. దీనినే ఆందోళన అంటారు. ఇది పిరికితనం కాదు, తెలివితక్కువతనమూ కాదు. ఇలాంటప్పుడు పైసా ఖర్చు లేకుండా మనకు సాయపడేది సంగీతం.

అపాయం వచ్చిందని మెదడు అనుకోగానే శరీరంలో అడ్రినలిన్ అనే హార్మోను విడుదలవుతుంది. గుండె వేగం, శ్వాస వేగం పెరుగుతాయి. పాము ఎదురైతే పరుగెత్తడానికి ఇది అవసరమే. కానీ లెక్కల పేపరు ముందు ఇదే అడ్డం వస్తుంది. నెమ్మదైన సంగీతం వింటే శ్వాస నిదానిస్తుంది, దానితోపాటు గుండె కూడా కుదుటపడుతుంది.

మన తల్లులకు ఇది ఎప్పటినుంచో తెలుసు. ఏడ్చే బిడ్డను ఊయలలో వేసి జోలపాట పాడతారు. కర్ణాటక సంగీతంలో నీలాంబరి రాగానికి నిద్రపుచ్చే రాగమని పేరు. శాస్త్రజ్ఞులు కూడా దీనిని పరిశీలించారు. ఆపరేషనుకు ముందు రోగులకు కలిగే భయంపై జరిగిన 26 పరిశోధనలను కోక్రేన్ సంస్థ 2013లో సమీక్షించింది. వాటిలో 2051 మంది పాల్గొన్నారు. సంగీతం వినడం వల్ల ఆందోళన తగ్గవచ్చని ఆ సమీక్ష తెలిపింది.

మనం పాటించదగినవి:

1. నెమ్మదిగా సాగే, మనకు అలవాటైన సంగీతాన్ని ఎంచుకోవాలి. వేణువు, వీణ, జోలపాట ఏదైనా సరే. డప్పు దరువు ఉత్సాహానికి మంచిదే గాని నిద్రకు పనికిరాదు.

2. పడుకునే ముందు 15 నుండి 20 నిమిషాలు తక్కువ శబ్దంతో వినాలి. తోటివారికి ఇబ్బంది కలగకూడదు.

3. తర్వాత రెండు నిమిషాలు నిశ్శబ్దంగా ఉండాలి. 2006లో వెలువడిన ఒక ఇటలీ పరిశోధనలో, సంగీతం మధ్యలో 2 నిమిషాలు ఆపినప్పుడు గుండె వేగం వినకముందు కంటే కూడా తగ్గింది.

4. చదివేటప్పుడు మాటలున్న పాటలు వద్దు. పాటలోని మాటలు పాఠంలోని మాటలకు అడ్డుపడతాయి.

5. రేడియో, ఫోను లేకపోయినా నోరు మూసుకుని కూనిరాగం తీయవచ్చు. అప్పుడు ఊపిరి నిదానంగా, పొడవుగా బయటకు వస్తుంది. పరీక్ష కేంద్రానికి నడిచి వెళ్ళేటప్పుడు కూడా ఇది చేయవచ్చు.

అయితే పాట భయాన్ని తగ్గిస్తుందే గాని పాఠాన్ని నేర్పదు. చదువు చదవవలసిందే. రోజుల తరబడి నిద్ర, తిండి లేకపోయినా, బతకాలనిపించకపోయినా పాటతో సరిపెట్టుకోకూడదు. వెంటనే వార్డెన్ గారికో, టీచరుకో చెప్పాలి. 2022లో ప్రారంభమైన టెలీ మానస్‌కు 14416 నంబరు ద్వారా ఏ వేళనైనా ఉచితంగా ఫోను చేసి తెలుగులో మాట్లాడవచ్చు.

మిత్రులారా! మనలో పాడటం వచ్చినవారు ఎందరో ఉన్నారు. రాత్రి స్టడీ అవర్ ముగిశాక మీరు ఒక నెమ్మదైన పాట పాడండి. పక్క చాపమీద భయంతో మేలుకుని ఉన్న తమ్ముడికో చెల్లికో నిద్ర పడుతుంది.