చదువు మధ్యలో స్కాలర్‌షిప్ వెతుక్కోవడం

మీరు డిగ్రీ రెండో సంవత్సరంలోనో మూడో సంవత్సరంలోనో ఉండి, ఇప్పుడు స్కాలర్‌షిప్ కోసం వెతుకుతున్నారనుకుందాం. ప్రకటనలు చాలానే కనిపిస్తాయి. ఎంత ఇస్తారన్నది తర్వాత చూడండి. ఏ సంవత్సరం వారికి, ఏ విధానంలో చదివేవారికి అన్న నిబంధనను ముందు చదవండి.

ఉదాహరణకు, ఇంటర్ మార్కుల ఆధారంగా కేంద్రం ఇచ్చే సెంట్రల్ సెక్టార్ స్కాలర్‌షిప్ డిగ్రీలో ఏటా రూ.12,000. కుటుంబ వార్షికాదాయం రూ.4.5 లక్షలు మించకూడదు. కొత్త దరఖాస్తుకు మొదటి సంవత్సరంలోనే అవకాశం. అప్పుడు పొందినవారు తర్వాత 50 శాతం మార్కులు, 75 శాతం హాజరుతో రెన్యువల్ చేసుకోవాలి. దూరవిద్య విద్యార్థులకు ఇది వర్తించదు.

పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్ సంగతి వేరు. ఎస్సీ విద్యార్థుల కేంద్ర పథకంలో ఆదాయ పరిమితి రూ.2.5 లక్షలు, దూరవిద్యలో చదివేవారినీ అది కలుపుకుంది. తెలంగాణలో ఈ-పాస్, ఆంధ్రప్రదేశ్‌లో జ్ఞానభూమి పోర్టళ్లు చూడండి. మీ కోర్సుకు వర్తిస్తుందో లేదో కాలేజీలో గాని, అధ్యయన కేంద్రంలో గాని అడిగి తెలుసుకోండి.

తల్లిదండ్రుల పనిని బట్టి వచ్చేవి కూడా ఉన్నాయి. బీడీ కార్మికుల పిల్లలకు కేంద్ర కార్మిక శాఖ స్కాలర్‌షిప్ ఇస్తుంది. దరఖాస్తు నేషనల్ స్కాలర్‌షిప్ పోర్టల్‌లో చేయాలి. నిజామాబాద్, సిరిసిల్ల ప్రాంతాల్లో బీడీలు చుట్టే ఇళ్లు ఎన్నో. అమ్మ పని చెప్పుకోవడానికి మొహమాటపడకండి; ఆమె గుర్తింపు కార్డే ఇక్కడ మీ అర్హత.

ఇక, అర్హత ఉన్నా డబ్బు చేతికి రాకపోవడం. ఆన్‌లైన్‌లో దరఖాస్తు పంపితే పని అయిపోయిందనుకోవద్దు. కాలేజీ దాన్ని పరిశీలించి ఆమోదించాలి. గడువు లోపల అది జరగకపోతే దరఖాస్తు అక్కడే ఆగిపోతుంది. అందుకే వారానికొకసారి పోర్టల్‌లో స్థితి చూడండి. లోపం ఉందని వెనక్కి పంపితే వెంటనే సరిచేయండి. పదో తరగతి మెమోలో ఇంటిపేరు పూర్తిగా, ఆధార్‌లో ఒక్క అక్షరంగా ఉన్నా చిక్కే.

బ్యాంకు ఖాతా విషయంలో చాలామంది పొరబడతారు. ఆధార్ నంబరు మూడు బ్యాంకుల్లో ఇచ్చి ఉండవచ్చు. ప్రభుత్వ సొమ్ము మాత్రం ఎన్‌పీసీఐ దగ్గర ఆధార్‌తో అనుసంధానమైన ఒక్క ఖాతాకే వెళ్తుంది. ఎప్పుడో తెరిచి వదిలేసిన ఖాతా అదే కావచ్చు. మైఆధార్ వెబ్‌సైట్‌లో ఆ బ్యాంకు పేరు కనిపిస్తుంది. దరఖాస్తు నింపే ముందే చూసుకోండి. ఆ ఖాతా వాడకంలో లేకపోతే, మీరు వాడే బ్యాంకుకు వెళ్లి ఆధార్ సీడింగ్ ఫారం ఇవ్వండి.