కొత్త అంచుకు చట్టం అండ

వస్తువు కంటికి కనిపించే తీరుకు, అంటే ఆకారానికి, నమూనాకు, రంగుల కూర్పుకు, 2000 నాటి డిజైన్ల చట్టం రక్షణ ఇస్తుంది. పనిచేసే విధానానికి కాదు. ఎమ్మిగనూరులోనో కడప జిల్లా మాధవరంలోనో నేతన్న కొత్త అంచు, కొత్త బుటా కూర్చితే, వాటి బొమ్మలతో కోల్‌కతాలోని డిజైన్ల విభాగానికి దరఖాస్తు చేయాలి. రక్షణ 10 ఏళ్లు. రుసుము కడితే మరో 5.

చిక్కంతా కొత్తదనం దగ్గరే. దరఖాస్తుకు ముందే చీర దుకాణంలో వేలాడినా, ఫొటో వాట్సాప్‌లో తిరిగినా హక్కు చేజారవచ్చు. చూపించి అమ్ముకోవాల్సిన నేతన్నకు ఇది కఠినమైన నిబంధనే. తాతల నాటి నమూనాలు ఇందులోకి రావు. వాటికి భౌగోళిక గుర్తింపు వేరే దారి.

నమోదైన డిజైన్‌ను కాపీ కొడితే ఒక్కో ఉల్లంఘనకు 25,000 రూపాయల దాకా, డిజైన్ మొత్తానికి 50,000 మించకుండా దావా వేసి రాబట్టవచ్చు. మగ్గం మీది శ్రమకు ఇది చిన్న మొత్తం. దీనికి బదులు నష్టపరిహారం, ఇంజంక్షన్ కూడా కోరవచ్చు.